ఖాళీ పెట్టెల్లో ఒక దోంబ్రా

ఖోర్గోస్ సరిహద్దు తనిఖీలో నలభయ్యో పెట్టె మూత తెరిచిన అధికారి లారీ డ్రైవరు వైపు తిరిగాడు.

“ఏం తమ్ముడూ, కాగితాల్లో ఖాళీ దోంబ్రా పెట్టెలని రాశావు. ఇందులో దోంబ్రా ఉందేం?”

“అది నాదే సార్. చలికి కర్ర పగులుతుందని అందులో పెట్టాను.”

“ఖాళీ పెట్టెకు ఒక పన్ను, వాయిద్యంతో వస్తే ఇంకో పన్ను. ఇది దొంగసరుకైతే లారీ ఇక్కడే, నువ్వు లోపల.”

“రొట్టె మీద ఒట్టు సార్, నాదే!”

“అయితే వాయించు.”

డ్రైవరు దోంబ్రా తీగలు మీటడం మొదలుపెట్టాడు. మధ్యలో తప్పాడు. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే తప్పాడు.

“సార్... నన్ను లోపలేస్తారా?”

“ముందు ఆపు నాయనా! అమ్మడానికి తెచ్చినవాడు ఒక్క పాటైనా సరిగ్గా నేర్చుకుని వస్తాడు. ‘డ్రైవరు సొంత సామాను’ అని రాసి సంతకం పెట్టు.”