మలీదకు అరువు నాలిక

రంజాన్ నెలలో ఒక శనివారం, పొద్దు వాలే వేళ. గట్టు అనే ఊళ్లో గులాం రసూల్ మనుమరాలు, పదేళ్ల బుష్రా, వాకిట్లో పళ్లెం ముందు పెట్టుకొని మలీద కలుపుతోంది. మొలెత్తు గోడకు అవతల పక్కింటి మద్దిలేటి.

"నాకెందుకు బిడ్డా? మీ ఇంట్ల ఇంతమంది ఉన్నరు. మీ దాదిని అడుగు."

"దాదికి రోజా. అమ్మీకి రోజా. దాదాకు రోజా. మా అన్న ఆమిర్‌కు సుత రోజానే. రుచి చూసేటందుకు రోజా లేనోనివి నువ్వొక్కనివే దొరికినవ్ తాతా."

"నాకా... అవు. నాకేం రోజా. నాకు రోజా లేదు."

"అందుకే పిలిచిన. ఇగో, పట్టు."

"ఆగు, ఆగు. ఎవరు చేసిన్రిది?"

"నేనే. రొట్టెలు దాది తెల్లారకముందు సహరి తిండికి చేసింది, అవి మిగిలినయి. ఇంగ తక్కిందంత నేనే. తుంచుడు నేనే, పొడి పొడి నలుపుడు నేనే, బెల్లం తురుముడు నేనే. ఒక్కలను చెయ్యి పెట్టనియ్యలే."

"పొయ్యి కాడ కాల్చుకుంటవేమో చూసుకో."

"పొయ్యితోని పనే లేదు. అందుకే నన్ను చెయ్యనిచ్చిన్రు."

"మరి నువ్వే ఇంత నాలిక మీద ఏసుకుంటె అయిపోలే?"

"నాకు సుత రోజా తాతా. మొదటి రోజా."

"నీకా? గింత పిల్లకు?"

"నాలిక మీద ఏసుకొని ఉమ్మెయ్యచ్చని దాది అంటది. గని బెల్లం గద తాతా. నా నాలిక మీద నాకే నమ్మకం లేదు."

"అది మాటంటే."

"రోజా ఇడిసే యాళ్లకు దాదా మస్జిద్ కాడికెల్లి మనుషులను తోలుకొస్తుండు, నా మొదటి రోజా అని. నువ్వు చేసిన మలీద బర్రె సుత ముట్టదని ఆమిర్ అన్నడు. తీపి గిట్ల సరిగ్గ లేకుంటె అందరి ముందల నా ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ ముచ్చటనా? అట్ల చెప్పు మరి. తే, ఇంత ఇటియ్యి. జర మెల్లగ మాట్లాడు గని."

"ఎందుకు?"

"మా ఇంట్ల మీ అవ్వ పండుకుంది లోపట."

"సరే, ఇగో. మలీద ఎట్లుంది తాతా?"

"ఊ."

"ఊ అంటే?"

"ఒక్క ముద్దకు ఏం తెలుస్తది? ఇంకొకటి ఇయ్యి... తీపి తక్కువైంది."

"ఇగో, బెల్లం ఏసిన. మంచిగ కలిపిన. ఇప్పుడు?"

"ఇప్పుడు నెయ్యి తక్కువైంది. ముద్ద నిలుస్తలేదు, నోట్ల పెట్టుకోంగనే పలుగుతుంది."

"నెయ్యి ఏసిన. చూడు."

"ఊ. ఇప్పుడు జర తీపి ఎక్కువైంది. ఇంకొక రొట్టె నలిపి ఎయ్యి."

"తాతా, నువ్వు రుచి చూస్తున్నవా, తింటున్నవా?"

"అట్లంటవేంది? ఎద్దును కొనేటోడు ఒక్క పన్ను చూసి కొంటడా? పండ్లన్ని చూస్తడు."

"చూసి ఇడిసిపెడ్తడు గద. మింగడు గద."

"పొద్దంత ఉపాసమున్న పిల్లకు ఇంత నోరు యాడికెల్లొచ్చింది?"

"తాతా, ఒక్కటి అడుగుత. ఉమ్మి మింగితె రోజా పోతదా?"

"ఎవరి ఉమ్మి?"

"నాదే. ఇలాచి దంచుతుంటె నోరంత నీళ్లే."

"నీ నోట్ల నీళ్లు నువ్వు మింగితె ఎవరేమంటరు? మింగు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వదు. గని గంత కటిక దేవుడు ఏడన్న ఉంటడా?"

"నువ్వు గట్ల తింటుంటె చూడబుద్ధయితలేదు తాతా. పగటికి ఏం తినలేదా?"

"మా ఇంట్ల ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలే."

"ఎందుకు?"

"శనివారం."

"శనివారమైతె?"

"శనివారమైతె శనివారమే. దీంట్ల కొబ్బరి కుడుక ఏసినవా?"

"ఏసిన. పల్లీలు సుత దంచి ఏసిన. తాతా, నిజం చెప్పు. బాగలేకున్న బాగుందని చెప్పకు."

"నేనెందుకు అబద్దమాడుత?"

"ఏమో. దాది ఏమన్నదంటె, నోరు ఒక్కటే కాదు, మాట సుత రోజా ఉండాలెనంట. అబద్దమాడితె ఆకలి మిగులుతది గని రోజా మిగలదంట. పొద్దుగాల సంది నేను ఒక్క అబద్దం ఆడలే. ఆమిర్ బాల్ దాసింది నేనేనని సుత చెప్పేసిన."

"అరె. ఏమన్నడు?"

"కొట్టిండు. రోజాల కొట్టొద్దురా అనుకుంట దాది వాన్ని కొట్టింది."

"మీ రోజా మస్తు కష్టం బిడ్డా. అన్నం ఇడిసిపెట్టుడు పెద్ద పని కాదు. అబద్దం ఇడిసిపెట్టుడే..."

"నీతోని కాదా తాతా?"

"ఇంకొక ముద్ద ఇటియ్యి."

"ఇయ్యను. పళ్లెం సగమైంది. దాదా తోలుకొచ్చేటోళ్లకు ఏం పెట్టాలె నేను? ఆఖరి మాట చెప్పు. ఎట్లుంది?"

"బాగుంది."

"ఇప్పుడు బాగైందా?"

"మొదటి ముద్ద సంది బాగనే ఉంది."

"మరి తక్కువైంది, ఎక్కువైంది అన్నవు?"

"బాగుందంటె ఇంకొకటి పెడ్తవా మరి?"

"ఏమయ్యో. గోడకు బల్లి తీరుగ అతుక్కొని ఏం చేస్తున్నవ్ ఆడ?"

"అయిపాయె, మీ అవ్వ లేసింది. బిడ్డా, నా మూతికి ఏమన్న అంటిందా, జల్ది చూడు."

"మీసాలకు అంటింది తాతా. అటు కాదు, ఇటు."

"ఏం లేదు భీమీ. పిల్ల ఏందో అడుగుతుంటె చెప్తున్న."

"బుష్రమ్మా, ఈయనకు ఏం పెట్టకు బిడ్డా. మల్దకల్ తిమ్మప్ప సామి పేరు మీద శనివారాలు ఒక్కపొద్దుంటుండు. పొద్దుగాల సంది నీళ్లు సుత ముట్టలే, పాపం. దీపం పెట్టినంకనే తింటడు."

"తాతా... నువ్వు సుత ఉపాసమా?"

"నువ్వు రోజా లేనోనివి గద అన్నవు. లేదన్న. రోజా లేదు గద."

"ఈయన మోకాలి నొప్పులు తగ్గాలెనని నేనే మొక్కిన బిడ్డా. దవాఖాన గోళీలకు తగ్గనివి ఒక్కపొద్దుతోని సగం తగ్గినయి. వాడకట్టంత చెప్పిన. ఈరమ్మ సుత వచ్చే వారం సంది వాళ్లాయనను ఒక్కపొద్దు ఉంచుతదంట."

"పోదాం పా భీమీ. దీపం యాళ్లైతుంది."

"ఆగు. మీసాలకు ఏందది?"

"దుమ్ము."

"దుమ్ము ఇలాచి వాసనొస్తదా?"

"గాలికి వచ్చిందేమో. ఆ పిల్ల దంచుతుండె."

"నీ ముచ్చట నాకొద్దు. బుష్రమ్మా, నువ్వు చెప్పు. నువ్వు రోజా ఉన్నవు, అబద్దమాడవు. ఈయన తిన్నడా?"

"అవ్వా, నువ్వు సుత జర రుచి చూస్తవా?"

"నాకు సుత ఒక్కపొద్దే. తిన్నడా, లేదా?"

"దాది పిలుస్తుందేమో చూసొస్త అవ్వా."

"మీ దాది నమాజ్ కాడుంది, నాకు కనిపిస్తనే ఉంది. ఏడ్సకు బిడ్డా. నిన్నేమన్న అన్ననా? నోటితోని చెప్పకున్న సరే, తలకాయ ఊపు."

"అవ్వా, తాత..."

"ఆ, తాత?"

"దాన్ని అడగకు భీమీ. దానికిది మొదటి రోజా. తిన్న. సగం పళ్లెం నేనే తిన్న. ఈ ఒక్క శనివారం కాదు, మొదటి శనివారం సంది పొద్దుగాల్నే రాఘవేందర్ హోటల్ల పూరీలు తిని వస్తున్న. నాది ఎట్లాగు నిలవలే, దానిదన్న నిలవనీ."