పదిహేడో నంబరు ఫైలు

(ఇంటి ముందుగదిలో ఫిజియోథెరపీ క్లినిక్కు. వెనక వంటగది, అందులో డాక్టరు గారి భార్య టీ కాస్తోంది. మధ్య తలుపు దగ్గరకు వేసి ఉంది. ముందుగదిలో ప్రభుత్వ బీమా ఆడిటరు పొద్దుటినుంచీ కూర్చుని ఉన్నాడు.)

“రోగుల హాజరు సంతకాలు కలవడం లేదట.”

“వేటితో?”

“వాటితో అవే. చెయ్యి పడిపోయి వచ్చిన టైలరు లేడూ, అతని ఫైలు పట్టుకున్నాడీయన. మొదటిరోజు సంతకం ఒకలా, ఇరవయ్యో రోజు సంతకం ఇంకోలా ఉందట. వేరే మనిషెవరో పెట్టారంటాడు.”

“మొదటిరోజు టైలరు పెన్ను రెండుసార్లు కిందపడేసి, నా చీరకి ఇంకు పూసి, చివరికి ఒక వంకర గీత గీశాడు. ఇరవయ్యో రోజు పొల్లు పోకుండా పేరు రాశాడు. మధ్యలో మీరు వైద్యం చేశారు మరి!”

“అదే చెప్పాను.”

“ఏమన్నాడు?”

“బాగుపడ్డాడనడానికి రుజువేదీ అన్నాడు.”

“సంతకమే కదండీ రుజువు!”

“అదీ చెప్పాను. సంతకం కలవడం లేదు కదా అన్నాడు.”

“బాగుంది. మిమ్మల్ని గానుగకి కట్టి తిప్పుతున్నాడన్నమాట.”

“నవ్వకు.”

“నవ్వడం లేదు, టీ వడపోస్తున్నా. ఇది మూడోసారి. ఆయన తాగుతున్నాడా, తనిఖీ చేస్తున్నాడా?”

“పంచదార తక్కువైందన్నాడు.”

“అదీ రాసుకున్నాడా?”

“ఇదిగో, వేళాకోళం కాదు. బీమా జాబితాలోంచి మన క్లినిక్కు పేరు తీసేస్తానంటున్నాడు. మనకొచ్చేవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది బీమా కార్డు వాళ్ళే. పేరు తీసేస్తే తలుపు మూసుకోవడమే.”

“బడి పంతులమ్మగారు నిన్ననేగా గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేశారు! ఆవిడో?”

“పెద్దాసుపత్రికి వెళ్ళాలి. రెండు బస్సులు మారి.”

“నడక నేర్చుకోవడానికి రెండు బస్సులు మారి వెళ్ళాలి. ఈ రూల్సు రాసేవాళ్ళకి మోకాళ్ళుండవా అండీ?”

“డాక్టరు గారూ! ఒకసారి ఇలా వస్తారా?”

“వస్తున్నా సార్! ...నువ్వూ రా. రిజిస్టరు చూసేది నువ్వేగా. సంతకాలు పెట్టించేది నువ్వేగా.”

“నేను రాను.”

“ఏం?”

“నా మొహంలో అన్నీ కనిపించేస్తాయని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది.”

“కనిపించడానికి ఏముంది అందులో?”

“ఏమీ లేదు. వెళ్ళండి, పిలుస్తున్నాడు. ఈ టీ తీసుకెళ్ళండి. పంచదార రెండు చెంచాలు ఎక్కువేశానని చెప్పండి.”

*

“బతికాం!”

“మెల్లగా. ఏమైంది?”

“ఒక ఫైలు దొరికింది. ముప్పై రోజులు, ముప్పై సంతకాలు, అచ్చు గుద్దినట్టు! ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఫైలంటే ఇలా ఉండాలి డాక్టరు గారూ అన్నాడు. ఇకమీదట అన్నీ ఇలాగే ఉంటాయని రాసిస్తే, ఈసారికి హెచ్చరికతో వదిలేస్తానన్నాడు.”

“రాసిచ్చారా?”

“ఇవ్వక?”

“చెయ్యి పడిపోయినవాళ్ళు మొదటిరోజునించే చక్కగా సంతకం పెడితే, ఇక మన దగ్గరికెందుకండీ రావడం?”

“అవన్నీ తర్వాత. ముందు గండం గట్టెక్కింది కదా. ఆ ఫైలుని నమూనాగా పైకి పంపిస్తాడట. చిన్న క్లినిక్కులన్నిటికీ చూపిస్తారట! ఈ సంతకాలన్నీ రోగి స్వయంగా నా ఎదుట చేసినవే అని కింద నాచేత కూడా సంతకం పెట్టించుకున్నాడు.”

“...ఏ ఫైలు?”

“పదిహేడో ఏదో. అక్షరాలు మాత్రం ముత్యాలే అనుకో.”

“పేరు చూడలేదా?”

“ఆ కంగారులో పేరేం చూస్తాను? ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. అదేంటలా నిలబడిపోయావు? పాలు పొంగుతున్నాయి చూడు!”

“పొంగనివ్వండి. పదిహేడు పోస్టుమాస్టరు గారిది.”

“మంచిదేగా! పెద్దమనిషి. ఒక్కరోజు మానలేదు పాపం. ముప్పై రోజులూ వచ్చారు.”

“వచ్చారు. చెయ్యి వచ్చిందా?”

“లేదు. నావల్ల కాలేదు. కుడిచేతి చిటికెనవేలు కూడా కదల్లే... ఉండు. మరి ఆ సంతకాలు?”

“మొదటిరోజు ఎడమచేతి వేలిముద్ర వేయమన్నానండీ. తల తిప్పేసుకున్నారు. నలభై ఏళ్ళు మనియార్డర్ల మీద ఊరందరి వేలిముద్రలూ తీసుకున్న మనిషి. ఆ ఇంకుపెట్టె వంక చూసి, చంటిపిల్లాడిలా పెదవి బిగించారు. సరే, ఆ రిజిస్టరు ఇటివ్వండి బాబాయిగారూ, మీరు వెళ్ళి కూర్చోండి అన్నాను.”

“ముప్పై రోజులూ?”

“మొదటిరోజు పెట్టాక రెండోరోజు మానేయడానికి ఉండదు కదండీ. ఆయన సంచిలో పాత పాసుపుస్తకం ఉంటే దాంట్లో సంతకం చూసి నేర్చుకున్నా. ఆయన కూడా చూసి, ‘ర’ ఇంకొంచెం గుండ్రంగా ఉండాలమ్మా అన్నారు.”

“దేవుడా. వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేయనా?”

“చెబితే?”

“పేరు తీసేయడంతో ఆగదు. ఆయన నా ఎదుటే చేశారని రాసిచ్చాను కదా. లైసెన్సు కూడా పోతుంది.”

“చెప్పకపోతే?”

“ఏముంది, ఇకమీదట ప్రతి ఫైలూ అలాగే ఉండాలి. వచ్చే నెల మళ్ళీ వచ్చి చూస్తాడు.”

“డాక్టరు గారూ! మీ ఆవిడగారిని ఒకసారి రమ్మంటారా? రిజిస్టరు ఇంత పద్ధతిగా పెట్టినందుకు ఒక మాట చెప్పి వెళ్తాను!”

“వస్తోంది సార్! ...ఏం చేద్దామే?”

“చేసేదేముంది? ఆ స్టవ్వు కట్టేయండి. టైలరుకీ, పంతులమ్మగారికీ, రేపు వచ్చేవాళ్ళకీ, అందరికీ నన్నే సంతకాలు పెట్టమని ప్రభుత్వం అడుగుతోంది.”