ఉరుకుందు పదంలో లేని ఊరు

ఈ కత నాకు మొదట చెప్పింది మా మేనత్త గిడ్డమ్మ. దేవర పొద్దు, అంటే ఊరమ్మ జాతర పొద్దు, ఆయమ్మ ఆడే ఉండి కండ్లారా చూసింది. ఇంకెవరన్నా ఇంకో మాదిరి చెప్తే వినాకండి, వాళ్ళకి తెలీదు. మా రాగులదిన్నెలో ఉరుకుందు అని ఒకాయన, గొర్రెలు కాసేటోడంట. ఏడాదిలో ఎక్కువ దినాలు ఊర్లో ఉండడు. మందని తోలుకొని ఆ ఊరూ ఈ ఊరూ తిరుగుతాడు. ఎరువు కోసరం రైతులు పిలిచి చేన్లో మంద నిలిపించుకుంటారు గదా, ఆ రాతిరికి సంగటి పెడతారు, ఈయన పదం పాడతాడు. నడిచేటప్పుడు కట్టిన పదమే అనుకో. చివర్న ఆ ఊరి పేరు కలుపుతాడు. తిన్న కూటికి ఆనవాలన్నమాట. అట్ల చుట్టుపక్కల ఊర్లన్నీ పదాల్లోకి ఎక్కినాయి, మా ఊరు తప్ప. సొంతూర్లో మంద నిలిపేదెవరు, పాడేదెవరు?

ఇది మా ఊరి పెత్తనం చేసే పెద్దగౌడు తిమ్మనగౌడుకి కడుపులో ముల్లు మాదిరి ఉండిపోయిందంట. పాడేటోడు మనోడు, పేరేమో పక్కూరోళ్ళకా అని. ఏమైందంటే, పెద్దలంతా కూడి, పాపం ఎండలో తిరిగి తిరిగి కాళ్ళు అరిగిపోతాండాయి, నీడపట్టున కూచుంటే ఇంకా మంచి పదాలొస్తాయి అని, మేలు చేస్తాండామనే అనుకొని, ఆయన గొర్రెల్ని పైవూరోళ్ళకి అమ్మేసి బదులుగా ఒక చేను, మిద్దె ఇల్లు చేసిపెట్టినారు. వచ్చే దేవరకి కొత్త పదం కట్టల్ల, దాంట్లో మన ఊరి పేరుండల్ల, అంతే. ఉరుకుందు నోరు తెరిచేలోపలే గొర్రెలు వంక దాటిపోయినాయంట.

ఇంక చూడు, మనిషి ఒక తావున నిలవడు. పొద్దున లేస్తే వాకిట్లో తిరుగుడు, గోడ కాడికి పోవుడు, మళ్ళీ వచ్చుడు. పెండ్లాం ఈరమ్మ, కూచోవయ్యా, నీ తిరుగుడుకి నాకు తల తిరుగుతాంది అని తిడతాదంట. కూచుంటాడు. కూచుంటే కాళ్ళు ఊగుతాయి. పదం రాదు. ఒక్క మాట రాదు. నెయ్యి పోసి అన్నం పెట్టినా రాదు.

దేవర వచ్చె. కొత్త పంచె కట్టించి అరుగు మీద కూచోబెట్టినారు. పక్కూర్లోళ్ళు గూడా వచ్చిండారు వినేదానికి. డోలు కొట్టె. ఉరుకుందు నోరు తెరిస్తే వచ్చిందేంది? గొర్రెల్ని అదిలించే కూత. జనం నవ్వినారు. గౌడు మొగం నల్లగైపాయె. ఏంరా, మా జొన్నలు తినేదానికి తెరుస్తాంది నోరు, మా పేరు చెప్పేదానికి తెరవదా అన్నాడంట.

ఉరుకుందు లేసి నిలబడినాడు. "గౌడా, పేరు చివర్న వస్తాది. ముందర పదముండల్ల గదా. నా బొల్లిచెవుల నడిస్తే నేను నడిచేటోణ్ణి, అది మెడెత్తి చూస్తే నాకు మాటొచ్చేది. దాన్ని మీరు అమ్మేస్తిరి" అన్నాడు. బొల్లిచెవుల అంటే మందకి ముందర నడిచే గొర్రె. అనేసి, కంబళి భుజాన ఏసుకొని, ఈరమ్మని పిలుచుకొని పోయినాడు. యాడికనుకుంటిరి? పైవూరికే. తన గొర్రెలకే తాను జీతగాడై.

మరుసటేడు దారిన పోయే గొల్లోళ్ళ నోట మా ఊరికి ఒక పదం వచ్చె:

ఎండ నెత్తికెక్కె, నీడ కాళ్ళకు చుట్టె,
నడువే బొల్లిచెవులా, నీళ్ళుండే తావుకి.
ఇల్లు గట్టిచ్చిరి నాకు, దారి లేని ఇల్లు,
ఈ రాతిరికి నా ఊరు నువ్వే బొల్లిచెవులా.

ఊరి పేరుండే తావున గొర్రె పేరు. మా మేనత్త అది పాడి కండ్లు తుడుచుకునేది, మళ్ళీ నవ్వేది.

ఇప్పుడు తిమ్మనగౌడు మనమడు, మాకూ వాళ్ళకీ గట్టు తగాదా ఉండాదిలే, అది వేరే, వాడు పంచాయితీ గోడ మీద ఈ పదం రాయించినాడు. చివర్న ఏముందో తెలుసునా? నా ఊరు రాగులదిన్నె అని. తాతకి చేతగానిది మనమడు సున్నం డబ్బాతో చేసినాడు. తప్పురా అని నేనంటే, ఊరికి మంచి పేరే గదా తాతా, నీకేం నొప్పి అంటాడు. మంచి రాత ఉండేటోళ్ళు ఎవరన్నా ఆ దావన పోతే, ఆ ఒక్క మాట చెరిపి బొల్లిచెవులా అని రాయండి. నేను రాస్తే వంకరగా వస్తాది, లేకుంటే ఎప్పుడో రాసుందును.