మాలకొండయ్య ఇంటికి పంపించిన మనుషులు

మాలకొండయ్యని ఒకాయన ఉండేవాడంట, తాలూకా ఆస్పత్రిలో కేసు షీట్లు రాసే గుమాస్తా. మెత్తని మనిషి. ఎంత మెత్తనంటే, కుర్చీలో కూర్చోకుండా మంచాల చుట్టూ తిరుగుతా, ఇక లాభం లేదన్నోడికి గూడా భయపడబాక అబ్బాయ్, నయమై ఇంటికి పోతావులే అని చెప్పేవాడంట. మరి ఆ మనిషి పోయాక ఏం రాయాల? పోయాడని రాయాలా లేదా? ఈయనకి చేతులొచ్చేవి కావు. చెప్పిన మాట అబద్ధమైపోతదని "నయమై ఇంటికి వెళ్లినాడు" అని రాసేసి కళ్లు తుడుచుకునేవాడంట. డాక్టరేమో చూడకుండానే సంతకం. ఇంకేముంది, కాగితాల్లో ఆ ఆస్పత్రికి చావే లేదనుకో.

అట్టా ఉండంగా ఏమైందంటే, చెంచమ్మ మొగుడు అంకయ్య అక్కడే పోయాడు. దినాలైనాక ఆమె చేను తన పేరున ఎక్కించుకుందామని పోతే, ఆఫీసోళ్లు ఆస్పత్రి కాగితం చూసి, నీ మొగుడు ఇంటికొచ్చాడు గదమ్మా అన్నారంట. మరిది ఉన్నాడే, పాడె మోసినోడు, చూడండి వాడి తెలివి, మా అన్న యాడికో పోయుంటాడు, వచ్చిందాకా చేను నేను చేస్తా అని అరక కట్టాడు. నవ్వుతారేంది? ఆమెకున్నది ఆ చేనొక్కటే.

చెంచమ్మ తిన్నగా మాలకొండయ్య దగ్గరికొచ్చింది. తిడతదేమోనని ఈయన తల వంచుకున్నాడు. ఆమె తిట్టలా. "అన్నా, నువ్వు ఆయన్ని ఇంటికి పంపించావంట. గుమ్మం కాడ అలికిడైతే లేచి చూస్తన్నా. రాడని తెలుసు, అయినా చూస్తన్నా. చేను సంగతి తర్వాత, ముందు నన్ను ఏడవనియ్యి" అనిందంట. మాలకొండయ్య ఏడ్చాడు, ఏడస్తానే పాత రాత కొట్టేసి అంకయ్య పోయాడని రాశాడు. దాంతో ఆగాడా? పాత కాగితాలన్నీ దించి, పోయినోళ్లందరికీ పోయారనే రాశాడు. ఏం జబ్బొచ్చింది, ఇంతమంది ఒక్కసారే పోయారేందని పై ఆఫీసర్లు జీపులేసుకోని వచ్చారంట.

ఏమ్మా, ఈయన నీకు అన్యాయం చేశాడు గదా అని చెంచమ్మనడిగారు. చేశాడు, తప్పే రాశాడు అనిందామె. "మా ఆయన పోతా ఉంటే చెయ్యి పట్టుకోని కూర్చుంది గూడా ఈయనే" అనింది.

చేను చెంచమ్మకొచ్చింది. మాలకొండయ్య ఉజ్జోగం పోయింది, పోవాల్సిందేలే. సంతకాలు పెట్టిన డాక్టరు సంగతి అడగబాకండి, బదిలీ, అంతే. ఈయన మాత్రం జీతం లేకపోయినా వచ్చి రోగుల పక్కన కూర్చుంటాడంట. ముందే జీతమిచ్చి ఆ పనిలో పెట్టుంటే ఇంత గోలే లేదు. నాకు తట్టింది, అంత చదువుకున్నోళ్లకి ఎందుకు తట్టలేదో మరి. సరే, లెగండి, పనులు చూసుకోండి.