పార్కు డ్యూటీల దొరికిన రేణవ్వ

"పెద్దమ్మా, నన్ను పార్కు డ్యూటీకి ఏసిండ్రు. మా బ్యాచోళ్లంత నవ్వుతుండ్రు. నువ్వు గూడ చేసినవంట గద?"

చేసిన బిడ్డా, ఎందుకు చెయ్యలె. వనపర్తిల చేసిన, నాగర్‌కర్నూల్ల చేసిన, ఆఖర్న ఈ గద్వాలల చేసిన. గప్పుడు అంత ఒకటే జిల్లా గద, పాలమూరు. యాడికి పొమ్మంటే ఆడికి పోవాలె. వనపర్తిల ఉన్నప్పుడు నా పిల్లలను మీ అమ్మనే సూసుకుంటుండె, పాపం దానికి అప్పటికి పెండ్లి గూడ కాలె. జర కూసో స్వప్నా, గట్ల నిలబడితె నాకు ముచ్చట రాదు.

నన్ను గూడ నవ్విండ్రు. లేడీ కానిస్టేబులు చెట్లకు కావలి ఉన్నది అని. పనేముంటుండె అంటవా? పొద్దుగాల మేకలు గేటు సందులకెల్లి దూరి మొక్కలు తింటుండె, వాటిని తరుముడు. పొద్దుగూకంగ సీసాలు పట్టుకొని గడ్డిల కూసునేటోళ్లను లేపుడు. జంటలొస్తుండ్రి. వాళ్లను బెదిరియ్యబుద్ది కాకపోతుండె నాకు, చీకటి పడకముందు ఇండ్లకు పోండ్రి అంటుంటి, గంతే. తాగేటోళ్లకు భయపడి ఆడోళ్లు ఆ దిక్కే రాకపోతుండ్రి. నేను రోజు నిలబడవట్టినంక ఒక టీచరమ్మ వచ్చింది, డాక్టరు షుగరుకు నడవమన్నడని. ఆమెను సూసి ఇంకొకామె, ఆమెను సూసి ఇంకొకామె. గట్ల మెల్లగ నిండింది పార్కు.

ఆ, గద్వాల ముచ్చట చెప్తున్న గద. గేటు కాడ మహబూబీ అని ఒకామె ఉడకవెట్టిన పల్లీలు అమ్ముతుండె. రెండు రూపాయలకు పొట్లం నిండ పోస్తుండె, ఇప్పుడు ఆ పైసలకు ఏమొస్తది. ఆమె పుట్టినూరు రాయచూరు దిక్కు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడు కలిపి మాట్లాడుతుండె. మంచి మనిషి.

వానకాలం. చేన్లల్ల సీడు పత్తి పూత మీదున్న దినాలు. ఒకనాడు పగటాల అన్నం తిని వచ్చి సూస్తే ఉయ్యాల మీద ఒక పిల్ల. పదేండ్లు ఉంటయి, ఆఁ, పది గూడ ఉండవేమో. ఊగుతలేదు, ఊకె గొలుసు పట్టుకొని కూసుంది. వేరే పిల్లలొస్తే దిగుతుంది, వాళ్లు పోతే మల్ల ఎక్కుతుంది. తప్పిపోయినట్టుంది అని దగ్గరికి పోయి నీ పేరేంది, ఏ ఊరు, నాయిన యాడున్నడు అని అడిగిన. నా ఖాకీ బట్టలు సూసి బెదిరింది. ఆఖరికి సన్నగ 'అవ్వ బేకు' అన్నది. అవ్వ కావాలంటుంది, ముసలామెతోని వచ్చి తప్పిపోయింది అనుకొని నేను పార్కంత తిరిగిన. కనవడ్డ ముసలోళ్లనల్ల అడిగిన, ఆ పిల్ల నీ మనుమరాలా అని. మహబూబీ నన్ను ఆపి, వాళ్ల బాసల అవ్వ అంటే అమ్మ అని చెప్పింది. పిల్ల తల్లి కోసం ఏడుస్తుంది.

ఇగ మహబూబీనే పిల్ల పక్కన కూసోని, పల్లీలు ఒలిచి పెట్టుకుంట అడిగింది. పేరు రేణవ్వ. ఊరు రాయచూరు అవతల. మేస్త్రి ఒకడు ఊరూరు తిరిగి పిల్లలను వ్యానుల తెచ్చి, ఈడ చేన్లల్ల క్రాసింగు పనికి పెట్టిండు. క్రాసింగు అంటే, మొగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుడు, విత్తనం పత్తికి. పొద్దంత ఒక్కొక్క పువ్వు అదే పని. చిన్న పిల్లలైతే చెట్టు ఎత్తుకు సరిగ్గుంటరని వాళ్లనే తెస్తుండ్రి. పిల్ల చేతులు సూసిన. వేళ్లు పసుపు రుద్దినట్టున్నయి, గోర్ల సందులు పగిలి పుండ్లయినయి. మందు కొట్టిన చేన్ల తిరిగి కండ్లు ఎర్రగున్నయి. జరమొచ్చినా కొట్టి లేపిండంట. ఆ పొద్దు సంతకు పొయ్యే ఆడోళ్ల నడుమ ఆటోల దూరి వచ్చేసింది. మరి ఈడనే ఎందుకు దిగినవ్ అంటే, పిల్లలు ఆడుకుంటుండ్రు, ఈడ ఎవ్వరు కొట్టరేమో అనుకున్న అన్నదంట. ఆ మాట నాకు తెలుగుల చెప్పుకుంట మహబూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

గంతల్నే బండి మీద మేస్త్రి వచ్చిండు. మస్తు మర్యాదగ మాట్లాడిండు. మా అక్క బిడ్డ మేడం, అలిగి వచ్చింది, తీస్కపోత అన్నడు. పిల్ల నా ఎనుకకొచ్చి బెల్టు పట్టుకున్నది.

"అక్క బిడ్డనా? పేరేంది?" అన్న.

వాడు పిల్ల మొకం దిక్కు సూసిండు. "లక్ష్మి" అన్నడు.

ఏయ్ పోరి అని పిలిచేటోనికి పేరు ఎట్ల ఎరికుంటది? పంపను అన్న. వాడు పక్కకు పోయి ఎవ్వరికో ఫోన్ చేసిండు. కొద్దిసేపటికి నా ఫోన్ మోగింది, మా సారు. సారు చెడ్డోడు కాదు బిడ్డా, ఆ పొద్దు మంత్రి వస్తుండని బందోబస్తుల పరేషాన్ మీదుండె. సొంత మామ అంటుండు గద, పంపియ్యమ్మా, మనకెందుకు అన్నడు. మీ పెద్దనాయిన అప్పటికే మంచం పట్టిండె, ఇల్లంత నా నౌకరి మీద నడుస్తుండె. సారుకు ఎదురు చెప్పుడు నాకు అలవాటు లేదు. మరి పిల్లేమో బెల్టు ఇడుస్తలేదు.

"సార్, మీరు ఒక్కసారి వచ్చి ఈ పిల్ల చేతులు సూడుండ్రి. సూసినంక పంపమంటే నేనే బండెక్కిస్త" అన్న.

ఫోన్ పెట్టేసిండు. నౌకరికి ముప్పొచ్చింది అనుకున్న. మేస్త్రి నా మీదికి గట్టిగ మాట్లాడవట్టిండు. ఇందాక చెప్పిన గద, పొద్దు వాలంగ నడవనీకె వచ్చే ఆడోళ్లు, టీచరమ్మ అసుంటోళ్లు... లే, టీచరమ్మ వనపర్తిల. గద్వాలల వేరేటోళ్లు. వాళ్లు ఒక్కొక్కరు నడుచుడు బంద్ చేసి మా చుట్టు నిలబడ్డరు. నేను ఎవ్వరిని పిలువలె. నిలబడ్డరు, గంతే. వాని గొంతు తగ్గింది.

జీపు వచ్చింది. సారు పిల్ల ముందల కింద కూసోని, రెండు చేతులు పట్టుకొని సూసిండు. మస్తు సేపు సూసిండు. లేసి, మేస్త్రి బండి తాళం గుంజుకొని, ఇంకెంతమంది ఉన్నరు, యాడున్నరు అని అడిగిండు. పొద్దుగూకకముందే చేను కాడి రేకుల షెడ్డుకు పోయి మిగిలిన పిల్లలనల్ల తెచ్చినం. కేసు ఏండ్లకేండ్లు నడిచింది, నేను కోర్టుల నిలబడి చెప్పిన, వానికి శిక్ష పడ్డది. సారు గూడ మారిండు. తర్వాత పూత దినాలొస్తే చాలు, రోడ్డు మీద నిలబడి వ్యాన్లు ఆపి పిల్లలున్నరా అని సూస్తుండె.

తల్లి రెండు దినాలకు వచ్చింది, మేము పిల్లలను ఉంచిన హాస్టలు కాడికి. బక్క మనిషి, కాళ్లకు చెప్పుల్లేవు. తేలిక పని, బడికి గూడ పంపుత అని మేస్త్రి చెప్తే నమ్మిందంట. బిడ్డను సూసి ఏడ్వలె. నల్లా కింద ఆ చేతులు పెట్టి కడగవట్టింది. రుద్ది రుద్ది కడిగింది, రంగు పోలె. అప్పుడు ఏడ్చింది. నాతోని ఏందో చెప్పింది, మహబూబీ లేకపాయె ఆడ, నాకు ఒక్క మాట తెల్వలె. ఊకె చెయ్యి పట్టుకొని కూసున్న. పిల్లను వాళ్ల దిక్కే బడి హాస్టల్ల ఏసిండ్రు. అటెన్క నాకు బదిలీ, మీ పెద్దనాయిన పోవుడు, నా రిటైరు, గట్ల గట్ల అయిపాయె దినాలు.

పోయిన యాడాది రాయచూరుకు పెండ్లికి పోయి వస్తున్న. బస్సు నిండ జనం, నిలబడే వస్తున్న. కండక్టరు పిల్ల టికెట్ కొట్టుకుంట వచ్చి నా ముందల ఆగింది. సూస్తది, సూస్తది, పైసలు తీసుకోదు. ఏందమ్మా అన్న. "పోలీసమ్మా, నేను రేణవ్వ" అన్నది. సగం తెలుగు, సగం కన్నడం. ఒక పిలగాన్ని లేపి నన్ను కూసోవెట్టింది. బస్సుల అందరికి చెప్పవట్టింది, ఈమె గిట్ల, ఈమె గట్ల అని. నాకేమో సిగ్గు. తల్లి మంచిగున్నదంట, తమ్ముడు చదువుతుండంట. ఇల్లు యాడ అని అడిగింది. బస్టాండుల దిగి ఆటోల పోతలే అన్న. ఇంటదా? డ్రైవరుకు చెప్పి మన గల్లి మొగన ఆపిచ్చింది బస్సును. నేను దిగి, మెల్లగ నడిచి, గల్లి మలుపు తిరిగేదాంక బస్సు కదలనీకె రేణవ్వ సీటీ కొట్టలె బిడ్డా. అంత జనం, అంత బస్సు, ఆగే ఉన్నది.

సరే పో, అన్నం తిను, పొద్దుగాల లేవాలె గద నువ్వు. నవ్వేటోళ్లు నవ్వనీ. సల్లగుండు తల్లీ, నీ కాడికొచ్చినోళ్లు గూడ సల్లగుండాలె... ఆ దీపం జర తగ్గియ్యి, కండ్లు గుంజుతున్నయి...