అమావాస్య ఉలవలు

కృష్ణగిరి, 1963. రిటైరయిన పశువుల డాక్టరు జయరామప్ప ఇంటి వసారా. పాతపేటలో జట్కా తోలే కొండప్ప మెట్ల కింద, ఎండలో నిలబడి ఉన్నాడు.

"మళ్ళీ నువ్వేనా కొండప్పా? పొద్దున నేను గడ్డం చేసుకుంటా ఉంటే వచ్చి ఏందో గొణిగినావు. ఇప్పుడు అన్నం తిని కూర్చున్నానో లేదో, మళ్ళీ వచ్చినావు."

"గుర్రం సార్. బెళ్ళి అని మేము పిలుచుకుంటామే, అది. ఒక మాట..."

"గుర్రానికేమి? సరిగ్గా చెప్పు. పొద్దున మాదిరి ఏడవొద్దు."

"తెల్లారి బండి కట్టినాను సార్. బస్టాండు కాడికి పోయేసరికి తొడలు రాయి మాదిరి బిగుసుకున్నాయి. వొళ్ళంతా చెమట. ఉచ్చ చూస్తే కాఫీ డికాషను సార్. బండి ఆడనే విప్పేసినాను."

"నిన్న కట్టినావా?"

"లేదు సార్. నిన్న అమావాస్య. అమావాస్యకు మేము కట్టము."

"మొన్న?"

"మొన్న... మొన్న వాన. సవారీలు లేవు."

"అంటే రెండు దినాలు లాయంలో ఊరికే నిలబడింది. మేత?"

"పెట్టినాను సార్. పస్తు పెడతానా?"

"ఎంత?"

"ఎప్పుడూ పెట్టేంత."

"ఎప్పుడూ పెట్టేంతేనా?"

"ఒక పిడికెడు ఎక్కువేమో."

"పిడికెడా?"

"ఒక పడి నిండా ఎక్కువ కొలిచినాను సార్. నా పెండ్లాము చిక్కమ్మ ఉలవలు ఉడకబెట్టింది. పనిలేని దినమన్నా కడుపునిండా తిననీ అనింది. దాంట్లోకి ఒక అచ్చు బెల్లం... అమావాస్య కదా సార్, మా ఇంట్లో అలవాటు."

"బెల్లం కూడానా! శభాష్! ఆలుమగలు ఇద్దరూ ముద్దు చేసి చంపేది బాగా నేర్చుకున్నారు."

"సార్, ఒక మాట వినండి, అది..."

"నువ్వు విను. కణాలంటే తెలుసా?"

"తెలీదు సార్."

"తెలీదు! ముప్పై ఏండ్లు గుర్రం వెనక కూర్చున్నావు, తోక తప్ప ఏమీ తెలీదు. సర్వీసులో ఉండంగా ఈ సంగతి నేను చెప్తే పెద్ద పెద్దవాళ్ళు నోట్సు రాసుకునేవాళ్ళప్పా. ఇప్పుడు నీకు చెప్పాల్సొచ్చింది. కండంతా కంటికి కనపడని చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక పొయ్యి. నువ్వు పెట్టే ఉలవలు, బెల్లం గ్లూకోజయి ఆ పొయ్యిలోకి పోతాది. మండితే శక్తి. అర్థమయిందా?"

"అయింది సార్. ఎండ చానా ఉంది సార్..."

"ఎండ నాకు కనపడతా ఉంది. ఎంత మండించాలో ఆ గదికే తెలుసు. చేసిన శక్తి ఖర్చు కాకుండా నిలిచిపోతే, ఆ శక్తే పోయి పొయ్యి తలుపు మూస్తాది, చాలు, ఇంక వద్దు అని. ఎవురూ చెప్పే పని లేదు. కంటికి కనపడని గదికి ఉండే అదుపు ఆరడుగుల మనిషివి, నీకు లేదు."

"మూసుకుంటే మంచిదే కదా సార్?"

"మంచిదే. మండని గ్లూకోజు యాడికి పోతాది? కండలోనే మూటలు మూటలుగా దాచిపెట్టుకుంటాది. రెండు దినాలు మీరు అట్లా మూటలు నింపినారు. ఈ పొద్దు బండి కట్టి చర్నాకోల ఆడిస్తివి..."

"చర్నాకోల లేదు సార్. నా జట్కాలో చర్నాకోలే లేదు."

"సరే, మహారాజువి! ముద్దుగా లాగించినావు. శక్తి ఖర్చయింది. అన్ని తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. మూటలన్నీ పొయ్యిలో పడినాయి. ఊపిరి చాలలేదు. ఊపిరి చాలకపోతే..."

"సార్! అది..."

"అడ్డం రావద్దంటే! ఊపిరి చాలకపోతే గ్లూకోజు సగమే మండుతాది. మిగతాది ఆమ్లమయి కండలో నిలబడిపోతాది. దాంట్లో కండ ఉడికిపోయి, ఆ రంగు ఉచ్చలో దిగింది. నీ డికాషను అదే. ఏమిరా, ఎందుకు అట్లా చూస్తావు?"

"బతుకుతాదా సార్?"

"ఎందుకు బతకదు? నా చేతిమీద ఎన్నో బతికినాయి. ఒకటే షరతు. బిగుసుకున్న చోటినుంచి ఒక్క అడుగు కదిలించకూడదు. డాక్టరే దాని కాడికి పోవాల. కంబళి కప్పి, నీళ్ళలో సోడా ఉప్పు కలిపి తాపాల."

"ఒక్క అడుగు కూడానా?"

"ఒక్క అడుగు కూడా. కదిలే కొద్దీ ఆమ్లం, కదిలే కొద్దీ ఆమ్లం. నా సర్వీసులో ఒక బుద్ధిమంతుడు నడిస్తే సర్దుకుంటాదని ఇట్లాంటి గుర్రాన్ని నడిపించినాడు. సాయంత్రానికి పాతిపెట్టినాము. నడిపించినవాడు కసాయివాడికన్నా అధమం."

"నడిపించమని వాడికి ఎవురన్నా చెప్పుంటే సార్?"

"చెప్పినవాడు ఇంకా పెద్ద గాడిద. చదువుకున్న గాడిద. అట్లాంటోడి చేతికి మందుసీసా ఇయ్యకూడదు. సరే, చొక్కా వేసుకోని వస్తాను. గుర్రం బస్టాండు కాడనే ఉంది కదా?"

"లేదు సార్."

"మరి యాడుంది?"

"మీ గేటు కాడ."

"గేటు కాడికి ఎట్లొచ్చింది?"

"నడిచి సార్. పొద్దున మీరు అద్దం మీదినుంచి తల తిప్పకుండానే అంటిరి, నోటి మాటకు మందియ్యను, గుర్రాన్ని నడిపించుకోని రా అని. రెండు మైళ్ళు సార్. అడుగడుక్కీ నిలబడి నా మొహం చూసింది. మీరు ఊపిరి చాలలేదు అన్నారే, అప్పుడు పడిపోయింది. ఈడినుంచి నాకు కనపడతానే ఉంది. ఒక మాట, ఒక మాట అని నేను అంటానే ఉన్నాను సార్."