రోజూ ఆరే

మట్టి లేకుండా, నీళ్ళు పారే పైపుల చిల్లుల్లో పెంచుతున్న లెట్యూస్ ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. వదిన రోజూ మీటరు అంకె రాసే నోటుపుస్తకం పట్టుకుని నిలబడింది. మరిది పీహెచ్ మీటరును పోషకాల ట్యాంకులోంచి తీసి, గ్లాసెడు నిమ్మరసంలో ముంచాడు.

“చూడండి వదినా, రెండు చూపించాల్సిన నిమ్మరసంలోనూ ఆరే చూపిస్తోంది.”

“ఆరుంటే మంచిదేగా? ఆరున్నర దాటితేనే యాసిడ్ కలపమనేవారు మీ అన్న.”

“నిజంగా ఆరైతే మంచిదే. ఇది ఎప్పుడో చచ్చి... పాడైపోయింది. దీని మూతలో ఎప్పుడూ తడి ఉండాలి. ఎవరు ఎండబెట్టారు?”

“నేనే. ఆయన పోయాక, ఆ వారంలోనే ఆయన వస్తువులన్నీ కడిగి తుడిచాను. దీన్నీ తుడిచాను.”

“అప్పట్నుంచి ఈ నలభై రోజులూ ఆరే వస్తుంటే అనుమానం రాలేదా? ఆకులు కళ్ళెదుటే ఉన్నాయి కదా!”

“చూశాను. మీటరు బాగానే ఉందంటోంది, బాగానే ఉందేమో అనుకున్నా.”

“సరేలెండి. దీన్ని మీటరుతో వచ్చిన ద్రావణంలో నానబెడతాను. రేపటికి కోలుకుంటుందేమో చూద్దాం.”

“మరి ఇవాళ్టి గడిలో ఏం రాయను?”

“ఏమీ రాయకండి. ఖాళీగా వదిలేయండి.”

“అలా ఎలా వదిలేస్తాను? ఆరు అని రాస్తేనేగా నాకు ఆ రోజు గడిచినట్టు.”